ఇసుకలో దూరిన లెపర్డ్ రాస్ చేప నాలుగు రోజులుగా బయటికి రాలేదు, తవ్వి చూడమంటారా?

ఉప్పునీళ్లు300:
అందరికీ నమస్కారం. నాది 300 లీటర్ల ఉప్పునీటి తొట్టి, పెట్టి పద్నాలుగు నెలలైంది. లైవ్ రాక్ (సూక్ష్మజీవులు కాపురముండే సముద్రపు రాయి) బాగానే ఉంది, ఇసుక 5 సెంటీమీటర్ల మందం. నీళ్లు 26 డిగ్రీలు, ఉప్పదనం (స్పెసిఫిక్ గ్రావిటీ) 1.025, అమ్మోనియా సున్నా. రెండు క్లౌన్ చేపలు, ఒక సిక్స్ లైన్ రాస్ ఉన్నాయి. నాలుగు రోజుల క్రితం ఒక ఆడ లెపర్డ్ రాస్ తెచ్చాను, ఏడు సెంటీమీటర్లు ఉంటుంది. వదిలిన పది సెకన్లలో ముక్కు కిందికి పెట్టి ఇసుకలోకి దూరిపోయింది. అంతే, మళ్లీ జాడ లేదు.

ఎనిమిది నెలల క్రితం ఇలాంటిదే ఇంకోటి తెచ్చాను. మూడో రోజుకి కూడా రాకపోయేసరికి చచ్చిపోయిందేమో, నీళ్లు పాడవుతాయేమో అని చెయ్యి పెట్టి ఇసుక కెలికాను. అది బతికే ఉంది. ఒక్కసారిగా లేచి రాయికి గుద్దుకుంది, మర్నాటికి పోయింది. అందుకే ఈసారి చాలా టెన్షన్‌గా ఉంది. తవ్వాలా, వదిలేయాలా?

ఇసుకగూడు:
తవ్వకండి. మీరు రాసింది చదువుతుంటేనే నా చేతులు బిగుసుకున్నాయి. నా దగ్గరున్న ఆడ లెపర్డ్ రాస్‌కి ఇప్పుడు ఐదో ఏడు. మొదట్లో అది తొమ్మిది రోజులు కనపడలేదు.

ఈ చేపలు ఇసుకలోనే పడుకుంటాయి, భయమేసినా అందులోకే పోతాయి. కొత్తగా వచ్చినదానికి ఇంకో ఇబ్బంది ఉంది. అది పుట్టి పెరిగిన సముద్రంలో తెల్లవారే వేళకి, మీ లైటు వెలిగే వేళకి పొంతన ఉండదు. మీరు లైటు ఆర్పాక అది లేచి, చీకటి చూసి మళ్లీ దూరిపోతుండవచ్చు. నాది మొదట బయటికొచ్చింది తెల్లవారుజామున మూడింటికి. అప్పుడు మేలుకుని ఉన్నాను కాబట్టి చూశాను. ఇసుకలోంచి ముందు ముక్కు కొస లేచింది, తర్వాత రెండు కళ్లు. ఆ కళ్లు దేనికది వేరువేరుగా తిరుగుతూ అటూ ఇటూ చూశాయి. రెండు నిమిషాలు అలాగే ఉండి మళ్లీ మునిగిపోయింది. రోజుకి కాస్త కాస్తగా మన వేళకి అలవాటుపడింది. ఇప్పుడైతే రోజూ లైటు ఆరడానికి అరగంట ముందే తన మూలకి పోయి పడుకుంటుంది, గడియారం పెట్టుకోవచ్చు.

బతికుందో లేదో తెలియాలంటే, మీ తొట్టిలో చచ్చినవాటిని తినే నసారియస్ నత్తలుంటే వాటిని గమనించండి. అవి, సన్యాసి పీతలు ఒకే చోట గుమిగూడితే అనుమానించాలి. చేప చిన్నది, తొట్టి పెద్దది కాబట్టి అది చచ్చినా అమ్మోనియా టెస్ట్ కిట్‌లో తేడా కనపడకపోవచ్చు. నత్తలు మాత్రం తప్పు చెప్పవు.

లైటు మీ మామూలు వేళకే వెలిగించండి, మార్చకండి. పైన వల మూత ఉందా? రాస్‌లు ఎగిరి దూకుతాయి, అర అంగుళం సందు చాలు వాటికి.

నిజానికి ఇసుకలో ఉన్నన్నాళ్లూ నాకు అంత భయం లేదు. బయటికొచ్చాక తిండి సంగతే అసలు కష్టం. ఈ చేపల ప్రజాతి శాస్త్రీయ నామం మాక్రోఫారింగోడాన్, అంటే పెద్ద గొంతు పన్ను ఉన్నది అని. సముద్రంలో ఇవి ఫొరామినిఫెరా అనే గవ్వలాంటి సూక్ష్మజీవుల్నీ, ఆవగింజంత నత్తల్నీ ఏరుకుని గొంతులోని పళ్లతో నలుపుకుని తింటాయి. పొద్దంతా ఏరుకుంటూనే ఉంటాయి. రోజుకి ఒకసారి తిండి వేస్తే చాలదు. తొట్టిలో కోపిపాడ్స్, ఆంఫిపాడ్స్ అనే రొయ్యల్లాంటి బుల్లి జీవులు (పాడ్స్ అంటాం) పుష్కలంగా ఉండాలి. దాంతోపాటు బతికున్న బ్రైన్ ష్రింప్ (ఉప్పునీటి చిట్టి రొయ్యలు), సన్నగా తరిగిన మైసిస్ అనే చిన్న రొయ్యలు, చేపగుడ్లు రోజుకి నాలుగైదుసార్లు కొద్దికొద్దిగా వేయాలి.

రాత్రిలైటు:
ఇసుకగూడు గారు చెప్పినవన్నీ సరే. నా కంట పడింది మాత్రం సిక్స్ లైన్ రాస్. అది కొత్త రాస్‌ని, అందులోనూ తనకన్నా మెత్తనిదాన్ని, వెంటపడి తరుముతుంది. పైగా ఇద్దరి తిండీ ఒకటే. పద్నాలుగు నెలల్లో మీ రాళ్ల మీద పాడ్స్ ఎన్ని మిగిల్చిందో టార్చ్ వేసి రాత్రి అద్దం దగ్గర చూడండి. నా మొదటి లెపర్డ్ రాస్ ఇలాగే మూడు వారాల్లో ఎండిపోయింది. వీలైతే సిక్స్ లైన్‌ని ముందు వేరు చేయండి.

మీ ఇసుక ఎలాంటిది? గరుకు పగడపు ముక్కలైతే దూరినప్పుడల్లా ఒళ్లు గీసుకుపోతుంది. ఒక మిల్లీమీటరు లోపు సన్నని ఇసుక కావాలి.

ఉప్పునీళ్లు300:
ఇసుక సన్నదే. రాత్రి టార్చ్ వేసి చూశాను, అద్దం మీద పాడ్స్ ఐదారుకి మించి లేవు. సిక్స్ లైన్‌ని ఇవాళ ఉచ్చు సీసాతో పట్టి ఇంకో తొట్టిలో వేశాను. మూత సందులు కూడా మూసేశాను. బతికున్న కోపిపాడ్స్ పెంచిన నీళ్లు రెండు సీసాలు తెప్పించి, లైట్లు ఆరాక రాళ్ల మధ్య పోశాను.

ఉప్పునీళ్లు300:
ఏడో రోజు. లేచింది! ఉదయం లైటు వెలిగిన నలభై నిమిషాలకి తల బయటపెట్టింది. ఇప్పుడు రాయి మీద తల వంచి చుక్కచుక్కా పరీక్షిస్తూ ఏరుతోంది. కానీ పొట్ట లోపలికి పోయింది, పై పెదవి మీద తెల్లగా గీత ఉంది. ఏం చేయాలి?

ఇసుకగూడు:
చాలా సంతోషం! పెదవి గీత రవాణాలో తగిలి ఉంటుంది. సంచి అడుగున ఇసుక లేకపోయినా దూరడానికి ముక్కుతో పొడుస్తాయి పాపం. నోరు మూసి తెరుస్తోంటే, ఏరిందాన్ని మింగుతోంటే మానిపోతుంది. పట్టి క్వారంటైన్‌కి ఇప్పుడు మార్చకండి. ఇంకోసారి తెస్తే మాత్రం క్వారంటైన్ తొట్టిలో ఒక ప్లాస్టిక్ డబ్బా నిండా సన్నని సిలికా ఇసుక పెట్టండి. పగడపు ఇసుక అయితే పరాన్నజీవులకి వేసే రాగి మందుని పీల్చేసుకుంటుంది, మోతాదు నిలబడదు.

ఈ వారమంతా మీ పనల్లా బతికున్న బ్రైన్ ష్రింప్. చిన్న గొట్టంతో దాని ముందున్న రాయి మీద, క్లౌన్‌లకి దూరంగా వదలండి. తల వెనక వీపు దగ్గర చూస్తూ ఉండండి. పొట్ట ఒక్కపూటలో ఉబ్బుతుంది, నమ్మలేం. ఆ వీపు పల్లం పూడితేనే ఒంటికి తిండి పట్టినట్టు. పది రోజులకోసారి పక్కనుంచి ఫొటో తీసి ఇక్కడే పెట్టండి, నేను చూస్తాను.