హార్డ్ డిస్క్ టిక్ టిక్‌మంటోంది, మార్చే ముందు ఫైళ్లు ఎలా బయటికి తీయాలి?

తెనాలి డీటీపీ

అందరికీ నమస్కారం. తెనాలిలో చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. పెళ్లి కార్డులు, కరపత్రాలు, అప్పుడప్పుడు పుస్తకాలు. పనంతా ఒక పాత లాప్‌టాప్‌లోనే. 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఈ వారం నుంచి ఏ ఫోల్డర్ తెరిచినా చాలాసేపు తిరుగుతూనే ఉంటోంది, పేజ్‌మేకర్ 'నాట్ రెస్పాండింగ్' అంటోంది. మధ్యమధ్యలో లోపల్నుంచి టిక్ టిక్ అని శబ్దం, మళ్లీ మామూలు. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్‌లో చూస్తే పసుపు రంగులో 'కాషన్' అని ఉంది. సీ5 దగ్గర అంకె నిన్నటికంటే ఇవాళ పెరిగింది. ఆన్ చేసినప్పుడల్లా డిస్క్ చెక్ చేస్తానని దానంతట అదే మొదలుపెడుతుంటే కీ నొక్కి ఆపుతున్నాను.

కొత్త ఎస్ఎస్‌డీ కొన్నాను. అది బిగించేలోపు పాతదాంట్లో ఉన్నవి తీసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం ఒక రిటైర్డ్ మాస్టారు రాసిన వాళ్ల ఊరి చరిత్ర. రెండు వందల పేజీల పైనే. ఆయన చేతిరాత చూసి మొత్తం నేనే టైప్ చేశాను, చివరి ప్రూఫు దిద్దుబాట్లు ఎక్కించడం అయ్యాక ఇలా వచ్చిపడింది. ఆయనకింకా చెప్పలేదు, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇక్కడ షాపులో అడిగితే చెక్‌డిస్క్ కొట్టించండి, బాగవుతుంది అన్నారు. కొట్టించమంటారా?

హనుమకొండ సర్వీస్

అమ్మా, ఇది చదవగానే లాప్‌టాప్ షట్‌డౌన్ చేసి పక్కన పెట్టండి. మిగతాది ఫోన్‌లో చదువుకోవచ్చు. చెక్‌డిస్క్ మాత్రం వద్దు. చాలా ఏళ్లుగా రిపేర్లు చేస్తున్నాను. డిస్క్ దానంతట అది చచ్చిపోయి నా దగ్గరికి వచ్చిన కేసులకంటే, చావుబతుకుల్లో ఉన్న డిస్క్ మీద చెక్‌డిస్కో డీఫ్రాగో నడిపాక వచ్చిన కేసులే నన్ను ఎక్కువ బాధపెట్టాయి.

చెక్‌డిస్క్ పని ఫైల్ సిస్టమ్ లెక్కలు, అంటే ఏ ఫైలు ఎక్కడుందో డిస్క్ రాసుకున్న పట్టీ, సరిచేయడం. సరిచేయడమంటే డిస్క్ మీద రాయడమే. ఒక రికార్డు చదవలేకపోతే దాని తాలూకు ఫైలును లిస్టులోంచి తీసేయగలదు, లేదా ముక్కలు చేసి ఫౌండ్ అనే ఫోల్డర్‌లో పడేయగలదు. కరెంటు పోయి లెక్క తప్పినప్పుడు, డిస్క్ బాగుంటే, అది మంచి సాధనమే. డిస్కే పోతున్నప్పుడు దాన్ని దగ్గరికి రానివ్వొద్దు.

సీ5 అంటే చదవబోతే చదవలేక, సంగతి తర్వాత తేలుద్దామని డిస్క్ పక్కన పెట్టిన సెక్టార్లు (డేటా ఉండే చిన్న చిన్న గళ్లు). 05 అంటే ఇప్పటికే స్పేర్ సెక్టార్లతో మార్చేసినవి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ఆ అంకెను మామూలుగా హెక్సాలో, అంటే పదహార్ల లెక్కలో చూపిస్తుంది, 10 అని ఉంటే 16 అని అర్థం. అంకె పెద్దదా చిన్నదా అన్నదానికంటే అది పెరుగుతోందా లేదా అన్నదే నేను చూస్తాను. మీది పెరుగుతోంది.

ఇక శబ్దం. డిస్క్ లోపల డేటా ఉండే పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో హెడ్ తేలుతూ చదువుతుంది. చోటు దొరక్కపోతే వెనక్కి వెళ్లి మళ్లీ వస్తుంది, టిక్‌మనేది అదే అయ్యుండొచ్చు. ఆన్ చేయగానే ఆగకుండా కొట్టుకుంటూ, బయోస్‌లో (విండోస్‌కంటే ముందు వచ్చే సెట్టింగ్స్‌లో) డిస్క్ పేరే కనబడకపోతే ఇంట్లో ఏదీ ప్రయత్నించకూడదు, నేరుగా రికవరీ ల్యాబ్‌కే. మీకు ఇంకా ఫోల్డర్లు తెరుచుకుంటున్నాయి కాబట్టి ఆశ బాగానే ఉంది.

ఆ డిస్క్‌లోంచి విండోస్‌ను ఇక బూట్ చేయకండి. విండోస్ ఊరికే ఉండదు. పేజ్‌ఫైల్ రాస్తుంది, ఇండెక్సింగ్ చేస్తుంది, అప్‌డేట్లు దించుకుంటుంది. వేరే కంప్యూటర్‌లో ఉబుంటు (విండోస్‌కు బదులు వాడే లినక్స్ సిస్టమ్) పెన్‌డ్రైవ్ తయారు చేయించి దాంతో బూట్ చేయండి. 'ట్రై' నొక్కాలి, 'ఇన్‌స్టాల్' వైపు వెళ్లొద్దు. డిస్క్‌ను లాప్‌టాప్‌లోనే ఉంచండి. బయటికి తీసి యూఎస్‌బీ కేసుల్లో (డబ్బాల్లో) పెడితే, బ్యాడ్ సెక్టార్ తగిలినప్పుడు కేసులోని చిప్ హ్యాంగ్ అయి కనెక్షనే పోతుంటుంది. బయట తగిలించడానికి 2 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ ఒకటి కావాలి. 1 టీబీది చాలదు, పాత డిస్క్ మొత్తం ఇమేజ్ (డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నదున్నట్టు ఒకే పెద్ద ఫైలుగా తీసిన నకలు) దాంట్లో పట్టాలి. అది ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, ఎక్స్‌ఫ్యాట్ గానీ ఎన్‌టీఎఫ్ఎస్ గానీ చేయించండి.

మొదట పాత డ్రైవ్‌ను రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి (ఏదీ రాయకుండా, చదవడానికి మాత్రమే తెరిచి), మాస్టారి పుస్తకం ఫోల్డర్ ఒక్కటే కాపీ చేయండి. అది వచ్చాక అన్‌మౌంట్ చేసి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో మొత్తం డిస్క్ ఇమేజ్ తీయండి. బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందేమో ఇప్పుడే ఫోన్‌లో చూసుకోండి.

సెక్టార్ జీరో

హనుమకొండ అన్న చెప్పినవన్నీ ఒప్పుకుంటాను, ఒక్కటి తప్ప. ముందు ఇమేజే తీయాలి. ఫైళ్లు విడివిడిగా కాపీ చేస్తే హెడ్ డిస్క్ అంతా తిరగాలి. మధ్యలో ఒక్క బ్యాడ్ సెక్టార్ దగ్గర ఇరుక్కుంటే సిస్టమ్ దాన్నే పదేపదే చదవబోతుంది. డీడీరెస్క్యూ అలా కాదు. చిరిగిన పుస్తకంలో బాగున్న పేజీలన్నీ ముందు చదివేసి, అతుక్కుపోయినవాటిని చివరికి విడదీసినట్టు, సులువుగా వచ్చేది మొత్తం ముందు తెచ్చేస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్‌ఫైల్‌లో రాసుకుంటుంది. కరెంటు పోయినా, మీరే ఆపినా, అదే మ్యాప్‌ఫైల్ ఇస్తే ఆగిన చోటి నుంచి సాగుతుంది.

హనుమకొండ సర్వీస్

తమ్ముడూ, వెయ్యి జీబీ ఫొటోలు కావాలంటే నేనూ నీ మాటే చెప్పేవాణ్ని. ఇక్కడ ప్రాణమంతా కొన్ని ఎంబీల పేజ్‌మేకర్ ఫైళ్లలో ఉంది. ఇమేజ్ అయ్యేసరికి చాలా గంటలు పడుతుంది, ఈలోగా హెడ్ పోతే పుస్తకం వచ్చిందో లేదో కూడా తెలియదు. ఆ ఫోల్డర్ కాపీ మధ్యలో ఇరుక్కుంటే వెంటనే ఆపి ఇమేజ్‌కి వెళ్లాలి, పట్టుబట్టకూడదు. అమ్మా, డీడీరెస్క్యూ నడిపేటప్పుడు ఏది సోర్స్, ఏది డెస్టినేషన్ అన్నది డిస్క్ మోడల్ నంబరు, సైజు చూసి ఖాయం చేసుకోండి. అటుదిటు అయితే ఖాళీ డిస్క్ వచ్చి మీ డేటా మీద పడుతుంది. పక్కన ఎవరైనా ఉండి రెండోసారి చదివితే మంచిది.

గోదావరి ప్రింట్స్

అక్కా, మాదీ డీటీపీయే, రాజమండ్రి. ఫైళ్లతోపాటు సీ డ్రైవ్‌లో విండోస్ ఫాంట్స్ ఫోల్డర్ కూడా మొత్తం తీసుకోండి. మీరు వాడేది అను ఫాంట్లే అయితే అవి యూనికోడ్ కావు కదా, ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో పుస్తకమంతా ఇంగ్లీషు అక్షరాల చెత్తలా కనిపిస్తుంది. వెర్షన్ మారినా కొన్ని ఒత్తులు తేడా వస్తాయి, అందుకే మీ దగ్గరున్నవే కావాలి. పెద్ద ఫొటోలు పేజ్‌మేకర్ ఫైలు లోపల ఉండవు, లింకు మాత్రమే ఉంటుంది. ఊరి పాత ఫొటోలు స్కాన్ చేసిన ఫోల్డర్ మర్చిపోకండి. కోరల్‌డ్రా పని ఉంటే 'బ్యాకప్ ఆఫ్' అని మొదలయ్యే ఫైళ్లు కూడా పనికొస్తాయి.

ఇంకోటి. మాస్టారికి ప్రూఫులు పీడీఎఫ్‌గా పంపే ఉంటారు. జీమెయిల్ సెంట్‌లో, ఆయన వాట్సాప్‌లో వెతకండి. దిద్దుబాట్లు వేసిన కాగితాలు ఆయన దగ్గరుంటే దాచమని చెప్పండి. ఈ విషయం ఆయనకు ఇవాళే చెప్పడం మంచిది, లేకపోతే పాత కాగితాలే కదా అని పారేస్తారు.

కృష్ణా కెనాల్

డిస్క్‌ను కవర్లో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే పనిచేస్తుందని విన్నాను. ప్రయత్నించొచ్చా?

హనుమకొండ సర్వీస్

వద్దు బాబూ. చల్లటి డిస్క్‌ను మన గాలిలోకి తీయగానే చెమ్మ పడుతుంది, ఆ చెమ్మతో తిప్పితే పళ్లేలు దెబ్బతింటాయి. మూత విప్పడం కూడా అంతే, ల్యాబ్‌లో దుమ్ము లేని క్లీన్ రూమ్‌లో తప్ప విప్పకూడదు. వేడెక్కకుండా టేబుల్ ఫ్యాన్ పెట్టండి, చాలు.

తెనాలి డీటీపీ

పుస్తకం వచ్చింది! మా తమ్ముడు పక్కన కూర్చుని నంబర్లు చదువుతుంటే చేశాం. మాస్టారి ఫోల్డర్‌లో రెండు చాప్టర్లు, కొన్ని ఫొటోలు కాపీ దగ్గర ఆగిపోయాయి. అన్నగారు చెప్పినట్టు వెంటనే ఆపి ఇమేజ్‌కి వెళ్లాం. చివరికి 99 శాతం పైనే వచ్చింది. ఇమేజ్‌లోంచి తీస్తే ఒక చాప్టర్ బాగానే తెరుచుకుంది. ఇంకొకటి తెరుచుకోలేదు, దాని పీడీఎఫ్ జీమెయిల్‌లో దొరికింది. అది చూసి మళ్లీ టైప్ చేస్తున్నాను. మాస్టారికి చెప్పాను. దిద్దిన కాగితాలన్నీ ఫైలులో కట్టి ఉంచారు, రేపు తెచ్చిస్తానన్నారు. గోదావరి తమ్ముడికి, మీ అందరికీ ఎన్ని నమస్కారాలు పెట్టినా చాలదు.

పాత విండోస్‌ను అలాగే ఎస్ఎస్‌డీలోకి క్లోన్ చేయనా? పాత డిస్క్ ఏం చేయాలి?

హనుమకొండ సర్వీస్

చాలా సంతోషం తల్లీ. క్లోన్ వద్దు, సిస్టమ్ ఫైళ్లలో ఏవి దెబ్బతిన్నాయో తెలియదు. విండోస్ కొత్తగా వేసి ఫైళ్లు మాత్రం తెచ్చుకోండి. ఇమేజ్‌ను ఇంకో డిస్క్‌లో కూడా కాపీ పెట్టండి. పుస్తకం అచ్చయి చేతికొచ్చేదాకా పాత డిస్క్‌ను బీరువాలో దాచండి. తర్వాత పాత సామాన్ల వాళ్లకు అలాగే ఇచ్చేయకండి. కస్టమర్ల ఆధార్ కాపీలు, ఫొటోలు దాంట్లో ఉంటాయి. డ్రిల్లింగ్ మెషీన్‌తో పళ్లేల గుండా రంధ్రాలు వేయించి ఇవ్వండి. రంధ్రాలు వేసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోమనండి, కొన్ని లాప్‌టాప్ డిస్కుల్లో పళ్లేలు గాజువి, పగిలి ఎగురుతాయి.