సొంత ఖర్చుతో కంపాలా వెళ్లి కుట్టు నేర్పడం: సేవా? షికారా?

కుట్టు_మేడమ్_కూకట్‌పల్లి
ముప్పై ఏళ్లుగా కుట్టు నేర్పుతున్నాను. తెలిసిన సేవా సంస్థ వాళ్లు ఉగాండా రాజధాని కంపాలాలో ఆడపిల్లలకు రెండు వారాల క్లాసు పెడుతున్నారు, నన్ను రమ్మంటున్నారు. బస వాళ్లది, టికెట్ నాది. అంతా కలిపి లక్ష దాటేలా ఉంది. మా అబ్బాయేమో "ఆ లక్ష వాళ్లకే పంపేయమ్మా, నువ్వెందుకు?" అంటున్నాడు. నాకు మాత్రం వెళ్లాలనే ఉంది. మీరేమంటారు?

శ్రీను_వరంగల్
కోపం తెచ్చుకోకండి మేడమ్, మీ అబ్బాయి మాటే రైటు. ఆదివారాలు తీసేస్తే మిగిలేది పన్నెండు రోజులు. మన ఐటీఐలో కుట్టు ట్రేడే ఏడాది. పన్నెండు రోజుల్లో జాకెట్టు కటింగ్ మన పిల్లలకే సరిగ్గా రాదు. ఆ డబ్బుతో అక్కడి టీచర్‌నే పెట్టుకోవచ్చు. మీరు ఫొటోలతో తిరిగొస్తారు, వాళ్లు మళ్లీ మొదటికొస్తారు.

పద్మజ_నల్గొండ
ఫొటోల మాట ఎందుకండీ? ఆవిడ అడిగింది ఉపయోగం గురించి.

కంపాలా_రిటర్న్
ఉద్యోగం మీద ఆరేళ్లు కంపాలాలో ఉన్నాను. సెలవు రోజుల్లో ఒక కుట్టు కేంద్రానికి వెళ్తుండేవాణ్ణి. ఇక్కడెవరూ అడగని సంగతి ఒకటుంది: నేర్చుకున్నాక వాళ్లతో కుట్టించుకునేదెవరు?

సిటీ నడిబొడ్డున ఓవినో మార్కెట్. విదేశాల నుంచి బేళ్లలో దిగే పాత బట్టలు, వాళ్ల మాటలో 'మివుంబా', అక్కడ గుట్టలు గుట్టలు. కుట్టుకూలి కన్నా చవగ్గా చొక్కా వచ్చేస్తుంది. ఈ దిగుమతి 2019 కల్లా ఆపేద్దామని 2016లో తూర్పు ఆఫ్రికా దేశాలు అనుకున్నాయి. అమెరికాకు నచ్చలేదు. పట్టు విడవని రువాండాకు 2018లో బట్టల ఎగుమతి మీద సుంకం రాయితీ ఆపేసింది.

అయితే మివుంబా గుట్టలో దొరకనివీ ఉన్నాయి. స్కూలు యూనిఫాం ఒకటి, గొమెసి ఒకటి. గొమెసి అంటే పెళ్లిళ్లకు ఆడవాళ్లు కట్టుకునే నిండు గౌను, భుజాల మీద మొనలు తేలి, నడుముకు వెడల్పాటి పట్టీతో ఉంటుంది. ఆ పేరు గోవా నుంచి వెళ్లిన గోమ్స్ అనే దర్జీ వల్ల వచ్చిందంటారు. మేడమ్ కన్నా వందేళ్ల ముందే మనవాడొకడు వెళ్లాడన్నమాట. కాకపోతే ఆయన వెళ్లింది రెండు వారాలకు కాదు.

నేను చూసిన కేంద్రంలో తొమ్మిది మిషన్లు ఉండేవి, ఆడేవి నాలుగే. మిగతావి బాబిన్ కేస్ (కింది దారం కండె పెట్టే డబ్బీ) అరిగిపోయి, బెల్టు తెగి మూలన పడ్డాయి. బయటి దేశం నుంచి వచ్చిన టీచరొకావిడ రోజూ కాగితాల మీద డిజైన్లు గీయించింది, ఒక్క మిషనూ విప్పలేదు. ఆవిడ విమానం ఎక్కిన వారానికి ఆడేవి మూడయ్యాయి.

మేడమ్, గొమెసి కుట్టడం వాళ్లే మీకు నేర్పుతారు. మీరు మిషను విప్పి బిగించడం నేర్పండి. నూనె ఎక్కడ వేయాలి, దారం టెన్షన్ ఎలా సరిచేయాలి, సూదీ కింది కొక్కెమూ కలిసే టైమింగ్ తప్పితే ఏం చేయాలి. దానికి పన్నెండు రోజులు చాలు.

శ్రీను_వరంగల్
రిపేరు మాట ఒప్పుకుంటున్నా. కానీ వాళ్లనే ఇక్కడికి పిలిపించొచ్చు కదా? విదేశాల వాళ్లకు ట్రైనింగ్ ఇచ్చే మన కేంద్ర ప్రభుత్వ ఐటెక్ పథకం 1964 నుంచీ ఉంది. హైదరాబాద్ యూసుఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ ఎన్ఐ-ఎంఎస్ఎంఈకి ఆఫ్రికా దేశాల నుంచి ట్రైనింగ్‌కి వస్తూనే ఉంటారు.

పద్మజ_నల్గొండ
అలా వచ్చేవాళ్లలో ఆఫీసర్లే ఎక్కువ. రాజస్థాన్ తిలోనియాలో బేర్‌ఫుట్ కాలేజీ వాళ్లు చదువురాని ఆఫ్రికా అమ్మమ్మల చేత ఆరు నెలల్లో సోలార్ దీపాలు చేయించారు. ఒకరి భాష ఒకరికి రాకపోయినా రంగులు, సైగలతోనే నేర్పారు. గొప్ప పనే. కానీ చంకలో పిల్ల ఉన్నది ఆరు నెలలు ఇల్లు వదిలి ఎలా వస్తుంది? తర్వాత ఆ సంస్థే తూర్పు ఆఫ్రికా తీరంలోని జాంజిబార్‌లో కేంద్రం పెట్టింది.

కుట్టు_మేడమ్_కూకట్‌పల్లి
మిషన్లు ఎన్ని, ఏ కంపెనీవి, ఎన్ని ఆడుతున్నాయి అని సంస్థ వాళ్లను అడిగాను. పన్నెండు ఉన్నాయట, ఎన్ని ఆడతాయో తెలీదట. ఫొటోలు పంపమన్నాను, అవి వచ్చేదాకా టికెట్ తీయను. ఎల్లో ఫీవర్ టీకా మాత్రం నారాయణగూడలో వేయించుకుంటున్నా. ప్రయాణానికి పది రోజుల ముందే పడాలట. కంపాలా రిటర్న్ గారూ, బాబిన్ కేసులు అక్కడ దొరుకుతాయా, ఇక్కడి నుంచే మోసుకెళ్లాలా?