మా ఆవిడ పేరు మీద ఐఆర్‌ఏలో (అమెరికాలో ఎవరికి వారు తెరుచుకునే రిటైర్మెంట్ పొదుపు ఖాతాలో) వేస్తే పన్ను తగ్గుతుందా?

ఎడిసన్ వాసి:
2025 రిటర్న్ వేసే పనిలో ఉన్నాను. ఇద్దరం కలిపే వేస్తాం, ఆదాయం 1,80,000 డాలర్లు. నాకు ఆఫీసులో 401కె (కంపెనీ ద్వారా నడిచే రిటైర్మెంట్ పొదుపు పథకం) ఉంది, మా ఆవిడకు ఉద్యోగం లేదు. ఇద్దరికీ యాభై లోపే. ట్రెడిషనల్ ఐఆర్‌ఏలో, అంటే తీసుకునేటప్పుడు పన్ను కట్టే రకంలో, 7,000 వేస్తే అంత మేరకు పన్ను పడే ఆదాయం తగ్గించుకోవచ్చని ఒక మిత్రుడు అంటాడు. 401కె ఉన్నాక ఒక్క డాలరూ తగ్గదని మరొకడు. ఎవరి మాట పట్టుకోవాలి?

లెక్కల మనిషి:
చెరో సగం చెప్పారు. మీ డబ్ల్యూ-2లో (కంపెనీ ఏటా ఇచ్చే జీతం, పన్నుల పత్రంలో) 13వ గడి చూడండి. ‘రిటైర్మెంట్ ప్లాన్’ దగ్గర టిక్కు ఉంటే మీరు ఆఫీసు పథకంలో ఉన్నట్టే. అలాంటివారికి, దంపతులు కలిపి వేసే రిటర్న్‌లో, మినహాయింపు 1,26,000 దగ్గర తగ్గడం మొదలై 1,46,000కి పూర్తిగా పోతుంది. కనుక మీ వాటాకు సున్నా.

మీ ఆవిడ సంగతి వేరు. ఆవిడకు ఏ పథకమూ లేదు కాబట్టి మినహాయింపులో కోత మీ ఇద్దరి ఆదాయం 2,36,000 దాటాకే మొదలవుతుంది. సొంత సంపాదన లేకపోయినా మీ జీతం ఆధారంగా ఆవిడ పేరిట ఐఆర్‌ఏ తెరిచి 7,000 వేయవచ్చు, అంతా మినహాయించుకోవచ్చు. మీది 22 శాతం శ్లాబు అయితే ఫెడరల్ పన్నులో 1,540 మిగులుతుంది. స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చుల లెక్క చూపకుండానే అందరికీ ఇచ్చే స్థిర మినహాయింపు) తీసుకున్నా ఇది విడిగా దక్కుతుంది. ఆ సంగతి తెలియక ఎంతమంది వదులుకుంటారో!

ఎడిసన్ వాసి:
చాలా సంతోషం. కానీ సంవత్సరం దాటిపోయింది కదా?

లెక్కల మనిషి:
2026 ఏప్రిల్ 15 వరకు వేయవచ్చు. రిటర్న్‌కు ఎక్స్‌టెన్షన్ (అదనపు గడువు) తీసుకున్నా ఈ గడువు మాత్రం పెరగదు. ఏ సంవత్సరానికి అని అడిగినచోట 2025 ఎంచుకోండి.

పాత కాపు:
న్యూజెర్సీలోని ఎడిసన్ అంటున్నారు కాబట్టి ఒక మాట. న్యూజెర్సీ రాష్ట్ర పన్నులో ఈ మినహాయింపు లేదు. అక్కడ ఇప్పుడే పన్ను కడతారు, రేపు రిటైరయ్యాక తీసుకునేటప్పుడు ఆ అసలు మీద మళ్లీ కట్టనక్కర్లేదు. అందుకు ఋజువు మీ దగ్గరే ఉండాలి, కాగితాలు పారేయకండి.

మీ వాటా 7,000కి రోత్ ఐఆర్‌ఏ (ఇప్పుడు మినహాయింపు లేకున్నా రిటైరయ్యాక తీసుకునేటప్పుడు పన్ను పడని రకం) చూడండి, మీ ఆదాయానికి పూర్తిగా వీలుంది. మినహాయింపు రాని ట్రెడిషనల్‌లో వేసి ఫారం 8606 (మినహాయింపు తీసుకోకుండా వేసిన డబ్బు ఎంతో చూపే ఫారం) రిటర్న్‌కు జత చేయడం మరిచారో, ఒకసారి పన్ను కట్టిన డబ్బుకే మళ్లీ కట్టాల్సి వస్తుంది.