తాగుడు మానేవాళ్ల మీటింగ్‌కి మొదటిసారి వెళ్లాలి. ఎలా కనుక్కోవాలి, అక్కడ ఏం జరుగుతుంది?

ప్రశ్న:
మందు మానేయాలని గట్టిగా అనుకుంటున్నానండి. ఇంట్లో మాటివ్వడం, నాలుగు రోజులు ఆగడం, మళ్లీ మొదలెట్టడం, ఇదే వరస. ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) మీటింగ్‌లకు వెళ్లి చూడమని డాక్టరు గారు చెప్పారు. ఎక్కడ జరుగుతాయో ఎలా తెలుస్తుంది? పేరు, వివరాలు రాయించుకుంటారా? అందరి ముందూ మాట్లాడాలా? తెలిసినవాళ్లు ఎవరైనా కనిపిస్తే ఏం చేయాలో అని టెన్షన్‌గా ఉంది.

జవాబు:
నేను చాలా ఏళ్లుగా ఈ మీటింగ్‌లకు వెళ్తున్నానండి. మాట్లాడటం గురించి ముందు చెప్తాను. గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయేవాళ్లలో చాలామందిది ఆ భయమే. మీరు మాట్లాడక్కర్లేదు. మీ వంతు వచ్చినప్పుడు "ఈరోజు వింటానండి" అంటే చాలు, తర్వాతివాళ్లు అందుకుంటారు. ఎందుకు మాట్లాడలేదని ఎవరూ అడగరు.

మొదటి పేరు చెప్తే సరిపోతుంది. సభ్యత్వ ఫారం, ఫీజు లేవు. చివర్లో ఒక సంచి తిప్పుతారు, గది అద్దెకూ ఖర్చులకూ ఇష్టమున్నవాళ్లు అందులో వేస్తారు. మొదటిసారి వచ్చినవాళ్లు వేయాలని ఎవరూ ఎదురుచూడరు. చేరడానికి ఉన్న షరతల్లా ఒక్కటే, తాగుడు మానాలన్న కోరిక.

ఇక వెతకడం. ఏఏ వెబ్‌సైట్‌లో మీ ప్రాంతం ఇచ్చి చూడండి, లేదా దగ్గర్లోని ఏఏ ఆఫీసు ఫోన్ నంబరు పట్టుకోండి. నన్నడిగితే ఫోనే మేలు. జాబితాలో ఉన్న గది మారిపోయి ఉండొచ్చు, టైమూ మారి ఉండొచ్చు. "కొత్తగా వస్తున్నాను, ఏ మీటింగ్ మంచిది?" అని అడగండి. ఫోన్ ఎత్తేది చాలాసార్లు తాగుడు మానేసిన మనిషే. మిమ్మల్ని గుమ్మం దగ్గర కలుసుకోవడానికి ఎవరినైనా పంపమన్నా పంపుతారు. జాబితాలో "ఓపెన్" అని ఉంటే ఎవరైనా రావచ్చు, ఇంట్లోవాళ్లను వెంట తీసుకెళ్లొచ్చు. "క్లోజ్డ్" అని ఉంటే తాగుడు మానాలనుకునేవాళ్లకు మాత్రమే. బయటికి వెళ్లలేకపోతే ఆన్‌లైన్ మీటింగ్‌లు ఉన్నాయి, కెమెరా ఆపేసి కూర్చోవచ్చు.

మీటింగ్ గంట, గంటన్నర ఉంటుంది. తాగుడు నుంచి బయటపడటానికి ఏఏ చెప్పే పన్నెండు మెట్లు ఉన్నాయి, ఎవరో ఒకరు వాటిని చదువుతారు. తర్వాత ఒక్కొక్కరూ పేరు చెప్పి "నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెడతారు, మిగతావాళ్లు ఆ పేరుతో పలకరిస్తారు. తాగుడు వల్ల ఏం పోగొట్టుకున్నారో, ఇప్పుడెలా ఉన్నారో చెప్తారు. మధ్యలో ఎవరూ అడ్డు తగలరు, సలహాలు ఇవ్వరు. అలా ఎవరో చెప్తూ ఉంటే, బాటిల్ దాచే చోటు దగ్గర్నుంచి అబద్ధం ఆడే తీరు దాకా అచ్చం మన కథే వినిపిస్తుంది. తల ఎత్తి ఆ మనిషి ముఖం చూస్తే ప్రశాంతంగా ఉంటాడు. మీటింగ్‌కి వెళ్లమని నేను ఇంతగా చెప్పేది అందుకే. డాక్టరు చెప్పగలిగేది వేరు, ఇది వేరు.

తెలిసినవాళ్లు కనిపిస్తారేమో అన్నారు. కనిపించవచ్చు. వాళ్లు వచ్చిందీ ఇదే పనికి కదండీ. గదిలో ఎవరిని చూశామో బయట చెప్పకూడదన్నది అందరూ పాటించే మర్యాద.

ఇంకొకరు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, నేను డీఅడిక్షన్ వార్డులో నర్సుని. చాలాకాలంగా రోజూ ఎక్కువగా తాగేవాళ్లు మీటింగ్‌కి వెళ్తున్నాం కదా అని ఒక్కసారిగా మానేయొద్దు. ఆపిన 6 నుంచి 48 గంటల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య తికమకపడటం, లేనివి కనిపించడం, జ్వరం, విపరీతమైన వణుకు మొదలైతే ప్రాణం మీదికి వస్తుంది, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆపే ముందే డాక్టరుకు చెప్తే మందులతో జాగ్రత్తగా దాటిస్తారు. మీటింగ్‌లో ఎవరైనా "ఆ మాత్రలు ఆపేయ్" అంటే వినకండి, ఆ మాట చెప్పాల్సింది డాక్టరే.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండి. డాక్టరు గారిని రేపే మళ్లీ కలుస్తాను. ఇంకో సందేహం. నాకు దేవుడి మీద నమ్మకం లేదు. అక్కడ ప్రార్థన చేయిస్తారని విన్నాను.

జవాబు:
చాలా గ్రూపుల్లో చివర ఒక చిన్న ప్రార్థన ఉంటుంది. చెప్పకుండా ఊరికే నిలబడవచ్చు. ఆ పన్నెండు మెట్లలో "మనకంటే పెద్ద శక్తి" అన్నచోట ఆ గ్రూపునే శక్తిగా అనుకుని ఏళ్ల తరబడి తాగకుండా ఉన్న నాస్తికులు ఉన్నారు. అయినా మనసొప్పకపోతే స్మార్ట్ రికవరీ అనే వేరే సంస్థ మీటింగ్‌లు చూడండి. 1994లో మొదలైంది, దేవుడి ప్రస్తావన ఉండదు, తాగాలనిపించినప్పుడు ఆలోచనను ఎలా పట్టుకోవాలో సాధన చేయిస్తారు. కాకపోతే ఒక్క మీటింగ్ చూసి ఏఏని వదిలేయకండి. గ్రూపుకీ గ్రూపుకీ చాలా తేడా ఉంటుంది, నచ్చేదాకా వేరేవి చూడండి. 2020లో వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను కలిపి పరిశీలించింది. ఏఏలో చేరేలా పద్ధతిగా ప్రోత్సహించే చికిత్స తీసుకున్నవాళ్లలో, వేరే చికిత్సలు తీసుకున్నవాళ్ల కంటే ఎక్కువమంది పూర్తిగా మానేసి ఉన్నారని తేలింది.

మరొకరు:
మా ఆయన ఎంత చెప్పినా రానంటున్నారు. నేనొక్కదాన్నే వెళ్లొచ్చా?

జవాబు:
తప్పకుండా వెళ్లండమ్మా. ఓపెన్ మీటింగ్‌కి వెళ్లి వినొచ్చు. మీకోసమైతే అల్-అనాన్ ఉంది, 1951 నుంచి తాగేవాళ్ల కుటుంబాల కోసమే నడుస్తోంది. ఆయన మానినా మానకపోయినా మీరు వెళ్లొచ్చు. టీనేజీ పిల్లలకు అలటీన్ వేరేగా ఉంది. ఆయన్ని మాన్పించే చిట్కాలు అక్కడ చెప్పరు. బాటిళ్లు వెతకడం, ఆఫీసుకు ఆయన తరఫున అబద్ధం చెప్పడం లాంటివి ఎలా ఆపాలో అవన్నీ దాటొచ్చినవాళ్లు చెప్తారు.

ప్రశ్న అడిగినవారు:
చివరిగా ఒకటి. ఆరోజు తాగేసి ఉంటే వెళ్లకూడదా?

జవాబు:
వెళ్లండి. వెనక్కి పంపరు. ఎవరి మాటకూ అడ్డు రాకుండా కూర్చుని వినమంటారు, అంతే. బండి మాత్రం నడపొద్దు, ఎవరినైనా దింపమనండి. అయిపోగానే లేచి వచ్చేయకుండా ఒకరిద్దరి ఫోన్ నంబర్లు అడిగి తీసుకోండి. రాత్రి తాగాలనిపిస్తే, తాగకముందే వాళ్లకు ఫోన్ చేయండి.