చెక్కభజన మళ్లీ మొదలుపెట్టాలి, సాయం ఎక్కడ దొరుకుతుంది? (అనంతపురం జిల్లా)

దుర్గం_పిల్లోడు:
అందరికీ నమస్తే. మాది కల్యాణదుర్గం వైపు చిన్న పల్లె. చెక్కభజన (చేతిలో చెక్కలు వాయిస్తూ, అడుగులేస్తూ చేసే భజన) ఆగిపోయి ఆరేళ్లు దాటింది. మా నాయన కాలంలో గురువును పిలిపించుకుని రామాలయంలోనే పెట్టుకుని, ఇంటికొక పూట వంతులేసుకుని అన్నం పెట్టి, అడుగులన్నీ వచ్చాక గజ్జెపూజ (గజ్జెలకు పూజ చేసి మొదటిసారి కట్టించడం) చేసేవాళ్లంట. ఇప్పుడు పద్నాలుగు మంది పిల్లలు నేర్చుకుంటామని వచ్చారు, అందులో ఐదుగురు ఆడపిల్లలు. పక్కూర్లో గురువు ఉన్నాడు, అరవై దాటాయి, మూడు నెలలు వచ్చి నేర్పిస్తానంటున్నాడు. ఆయనకు నెలనెలా ఎంతో కొంత ఇవ్వాలి, చెక్కలు, గజ్జెలు, ఒక డోలక్ కొనాలి. రామనవమి చందా అడిగితే డీజేకి, కరెంటు దీపాలకే సరిపోతుందంటున్నారు. కళలకు ప్రభుత్వం డబ్బులు ఇస్తుందంటారు కదా, తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. కళలు చచ్చిపోతున్నాయి అని బాధపడేవాళ్లు దయచేసి వద్దు, ఆ బాధ మాకూ ఉంది.

కోలాటం_అక్క:
తమ్ముడూ, మేం రెండేళ్లు తిరిగాం కాబట్టి చెప్తున్నా. నీకు సరిపోయేది గురు శిష్య పరంపర పథకం. దాన్ని నడిపేది తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం, మన రాష్ట్రం దాని కిందికి వస్తుంది. ఆ పథకంలో గురువుకు నెలకు 7,500, పక్కన వాయించేవాళ్లకు 3,750, నేర్చుకునే పిల్లలకు 1,500 చొప్పున ఇస్తారు. అందరికీ రాదు, ముందే ఆశ పెట్టుకోకు, కానీ అడిగితే పోయేదేం లేదు.

ఇంకోటి, కేంద్ర సాంస్కృతిక శాఖ ఉత్సవాలకు ఇచ్చే గ్రాంటు. దానికి సొసైటీ రిజిస్టరై మూడేళ్లు నిండాలి, కాబట్టి ఈ సంవత్సరం నీకు కుదరదు. అయినా సొసైటీ ఇప్పుడే పెట్టు, 2001 చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు. ఊళ్లో పెద్దమనుషులనే కాకుండా గురువును, ఇద్దరు ఆడవాళ్లను కూడా సభ్యులుగా రాసుకో, తర్వాత గొడవలుండవు. మా దరఖాస్తు మొదటిసారి వెనక్కి ఎందుకొచ్చిందో తెలుసా? పాత ప్రదర్శనల ఫొటోలు లేవని. ముప్పై ఏళ్లు కోలాటం వేశాం, ఒక్కరూ ఫొటో తీసుకోలేదు! నువ్వు మొదటిరోజు నుంచే తీసి పెట్టుకో.

గురువుగారి సంవత్సర ఆదాయం 72,000 లోపైతే, ముసలి కళాకారులకు నెలకు 6,000 వరకు ఇచ్చే కేంద్ర పథకం కూడా ఉంది. వయసు అరవై దాటిందన్నావు కదా, అది వేరేగా పెట్టించు.

ధర్మవరం_దారి:
అక్క చెప్పింది బాగుంది. కానీ సాయం ఏ పేరుతో వస్తుందో దాన్ని బట్టే కళ మారిపోతుంది, అది మా పక్కనే చూస్తున్నాం. నిమ్మలకుంట తోలుబొమ్మలు అందరికీ తెలిసినవే, జీఐ (ఈ ప్రాంతపు సరుకు అని ఇచ్చే) గుర్తింపు ఉంది, 2020లో ఆ ఊరి కళాకారుడికి పద్మశ్రీ కూడా వచ్చింది. హస్తకళల కింద గుర్తింపు కార్డు, మేళాల్లో స్టాలు దొరుకుతాయి. మంచిదే, కాదనను. కానీ హస్తకళ అంటే అమ్ముడుపోయే వస్తువు కదా, అందుకే తోలుతో చేసే ల్యాంప్‌షేడ్లు, గోడకు పెట్టే బొమ్మలు ఎక్కువైపోయాయి. తెల్లవార్లూ ఆట ఆడించేదానికి, పాటలు, పద్యాలు పిల్లలకు నేర్పేదానికి ఏ స్టాలూ లేదు. బొమ్మ బతికింది, ఆట తగ్గింది. నువ్వు రాసే కాగితంలో ప్రదర్శన అని రాయొద్దు, నేర్పడం అని రాయి. ప్రదర్శన అని రాస్తే జిల్లా కేంద్రానికి ఒకరోజు పిలిచి, ఎండలో నిలబెట్టి, శాలువ కప్పి పంపిస్తారు.

సీమ_మాట:
ప్రతిదానికీ ప్రభుత్వమేనా? గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల పండగకు ఎవరు గ్రాంటు ఇచ్చి మొదలుపెట్టారు? హిందువులు, ముస్లింలు కలిసి అగ్నిగుండం దగ్గర నిలబడతారు, మొక్కులు వాళ్లే తీర్చుకుంటారు, అది నడుస్తానే ఉంది. డీజే ఒక్క ఏడు ఆపండి, చెక్కలూ గజ్జెలూ అన్నీ వస్తాయి.

ఉరుముల_ఇల్లు:
సీమ_మాట అన్నా, గూగూడుకు వేల మంది వస్తారు. మా నాయన ఉరుము (అదొక తోలు వాద్యం) వాయించే అక్కమ్మ గుడికి నలభై మంది వస్తారు, అది కూడా జాతర రోజు. చందా ఎవరిస్తారు? ఇంకో మాట. చెక్కభజనకు రామాలయం ఉంది, ఊరు ఉంది, వంతులేసుకుని అన్నం పెట్టేవాళ్లు ఉన్నారు. మాకు అన్నం పెట్టేవాళ్లు కూడా వాకిలి బయటే పెట్టేవాళ్లు, తెలిసిందే కదా. డప్పు కళాకారుల పెన్షన్ ఇప్పుడు 4,000 ఇస్తున్నారు, మంచిదే. మా నాయన అడగడానికి పోతే, ఉరుము అంటే ఏందీ అని అడిగి, డప్పు అని రాసుకుంటాం లే అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. డప్పు కొట్టేది, ఉరుము కర్రతో తోలు మీద రుద్దితే మూలిగేది, రెండూ ఒకటి ఎట్లా అవుతాయి అని వాదన పెట్టుకుని వచ్చేశాడు. ఇంట్లో అమ్మ తిట్టింది, 4,000 పోయింది కదా అని. నేను మాత్రం ఏం అనలేకపోయా.

సీమ_మాట:
అది నిజమే అబ్బా. నేను పెద్ద పండగలనే లెక్కేసి మాట్లాడినా.

దుర్గం_పిల్లోడు:
అందరికీ థ్యాంక్స్. నిన్న రాత్రి రామాలయం దగ్గర మాట్లాడుకున్నాం. డీజే పూర్తిగా ఆపడానికి కుర్రోళ్లు ఒప్పుకోలేదు, ఒక రాత్రికి తగ్గించారు, మిగిలిన డబ్బుతో చెక్కలు వస్తాయి. గురువుకు మొదటి నెల మేమే వేసుకుని ఇస్తాం, ఆలోపు తంజావూరుకు కాగితం పంపిస్తా. అక్కా, నీ దరఖాస్తు నకలు ఉంటే మెసేజ్‌లో పెడతావా?

ఉరుముల_ఇల్లు అన్నా, గజ్జెపూజ రోజు మీ నాయన వచ్చి వాయిస్తారా? ఎంత తీసుకుంటారో ముందే చెప్పండి, మాట్లాడుకునే పిలుస్తాం. భోజనం రామాలయం లోపలే, అందరితో పాటే. దాని మీద నిన్న ఇద్దరు గొణిగారు, కానీ గురువే వాళ్లను ఆపి మా వైపు మాట్లాడాడు.