అప్‌డేట్: ఆ దొంగ సినిమా పేరు దొరికింది

మారిన దొంగ, బ్యాంకు స్ట్రాంగ్ రూమ్‌లో ఇరుక్కున్న పాప, పైనుంచి తీసిన దోపిడీ సీన్. ఇంతే ఆనవాళ్లు చెప్పి ఓ మూకీ సినిమా పేరు అడిగాను కదా. మీరన్నదే: 1915 నాటి 'ఏలియాస్ జిమ్మీ వాలెంటైన్', దర్శకుడు మారిస్ టూర్నర్. థాంక్స్, చూసేశా.

దోపిడీ సీన్ అదిరింది. సెట్‌కి పైకప్పే లేదు. కెమెరా మీదినుంచి చూస్తుంటే గదులన్నీ ఒకేసారి కనిపిస్తాయి. ఒకచోట దొంగలు, ఇంకోచోట కాపలావాడు. ఎవరు ఎవరికి ఎదురుపడతారోనని ఒకటే టెన్షన్! జైలు సీన్లు న్యూయార్క్ దగ్గర సింగ్ సింగ్ జైల్లోనే తీశారట.

మూలమైన ఓ. హెన్రీ కథ కూడా చదివా. అందులో జిమ్మీ పాత పనిముట్ల సూట్‌కేసు విప్పి, పది నిమిషాల్లో తలుపు తెరిచేస్తాడు, కాబోయే భార్య చూస్తుండగానే. నాకైతే కథే ఎక్కువ నచ్చింది.