హరికథ రికార్డింగ్ మధ్యలో కార్డు ఎర్రర్, ఫైలు సైజు సున్నా: ఆడియో తిరిగి వస్తుందా?

చిడతల_సవ్వడి:
అందరికీ నమస్కారం. మా ఊరి రామాలయంలో నవమి ఉత్సవాలకి హరికథ పెట్టించారు. భాగవతార్ గారు పెద్దాయన, ఈ మధ్య కథలు బాగా తగ్గించేశారు, అందుకే మొత్తం రికార్డు చేసి దాచాలని చేతి రికార్డర్‌ని స్టాండుకి బిగించి వేదిక ముందు పెట్టాను. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, స్టీరియో వేవ్. సీతాకల్యాణం దాకా మీటర్లు ఆడుతూనే ఉన్నాయి, ఆ తర్వాత చూస్తే తెర మీద కార్డు ఎర్రర్. ఏ బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు, చివరికి బ్యాటరీలు తీయాల్సి వచ్చింది. ఇప్పుడు కార్డులో ఫైలు పేరు కనిపిస్తోంది కానీ సైజు సున్నా. కార్డు 64 జీబీ, మీద క్లాస్ 10 అని ఉంది. స్పీడు చాలకేనా ఇలా అయింది? ఆ కథ మళ్లీ దొరికే దారి ఉందా? చాలా టెన్షన్‌గా ఉంది.

కచేరీ_మైకు:
ముందు ఆ కార్డు తీసి పక్కన పెట్టండి, దాని మీద ఇంకేమీ రాయకూడదు. పక్కన చిన్న లాక్ ఉంటే కిందికి జరపండి. ఫార్మాట్ చేయాలా, రిపేర్ చేయాలా అని కంప్యూటర్ అడిగితే వద్దనండి.

సైజు సున్నా అంటే ఆడియో పోయినట్టు కాదండీ. రికార్డర్ శబ్దాన్ని ఎప్పటికప్పుడు కార్డు మీదికి పంపుతూనే ఉంటుంది, ఫైలు ఎంత పొడవో మాత్రం చాలా మోడళ్లు స్టాప్ నొక్కాకే రాస్తాయి. మీకు ఆ ఆఖరి పని జరగలేదు.

మొదట కార్డు మొత్తానికి ఒక ఇమేజ్ కాపీ (కార్డులో ఉన్నదంతా బైటు బైటుగా ఒకే ఫైలులోకి) తీసుకోండి, ఏం చేసినా దాని మీదే. పోయిన ఫైళ్లు వెతికే ఫోటోరెక్ ఉచితం, అది నడిపి చూడండి. దొరక్కపోతే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో రా డేటా ఇంపోర్ట్‌తో ఆ ఇమేజ్‌నే తెరవచ్చు: సైన్డ్ 24 బిట్, లిటిల్ ఎండియన్, 2 ఛానళ్లు, 48000. హోరు తప్ప ఏమీ వినపడకపోతే కంగారు పడకండి. ఒక్కో శాంపిల్‌కి 3 బైట్లు కాబట్టి ఎన్నో బైటు నుంచి చదవాలో చెప్పే స్టార్ట్ ఆఫ్‌సెట్‌లో 0, 1, 2 వేసి చూస్తే ఏదో ఒకదానికి గొంతు వినిపిస్తుంది. ఎడమ కుడి తారుమారైతే ఇంకో 3 కలపండి.

బెజవాడ_శ్రోత:
స్పీడు లెక్క మీరే చూడండి. మీ సెట్టింగుకి సెకనుకి 288 కిలోబైట్లు చాలు, క్లాస్ 10 అంటే కనీసం 10 మెగాబైట్లు. అంటే కాగితం మీద ముప్పై రెట్లకు పైనే ఉంది. ఇబ్బంది సగటు వేగంలో కాదు, మధ్యలో కార్డు ఆగిపోవడంలో. లోపల పాత బ్లాకులు చెరిపి సర్దుకునేటప్పుడు నాసిరకం కార్డులు కాసేపు ఏమీ తీసుకోవు, రికార్డర్‌లో బఫర్ (శబ్దాన్ని కాసేపు పట్టి ఉంచే చోటు) చిన్నది, అది నిండగానే ఎర్రర్.

ఇంకో రెండు చూసుకోండి. మీ రికార్డర్ 64 జీబీ తీసుకుంటుందా? జూమ్ హెచ్4ఎన్ లాంటి పాతవి 32 జీబీ వరకే, హెచ్6 అయితే 128 దాకా తీసుకుంటుంది. రెండోది, కార్డు అసలుదేనా? తక్కువ సైజు చిప్‌కి 64 అని ముద్ర వేసి అమ్మేవాళ్లు బాగా ఉన్నారు, అసలు సైజు దాటాక రాసిందంతా గాల్లో కలుస్తుంది. ఇమేజ్ తీసుకుని ఆడియో బయటపడ్డాక మాత్రమే హెచ్2టెస్ట్‌డబ్ల్యూతో, లినక్స్ అయితే ఎఫ్3తో (రెండూ కార్డు పరీక్షించే ప్రోగ్రాములు) కార్డు నిండా రాసి చదివించండి. గంటలు పట్టినా పట్టనివ్వండి. కొత్త కార్డు కొన్నా ఇదే పని చేసి, తర్వాత రికార్డర్‌లోనే ఫార్మాట్ చేయండి.

తంబుర_శ్రుతి:
పైవాళ్లు చెప్పిందే నా మాట కూడా. చాలా రికార్డర్లు 2 జీబీ నిండగానే ఫైలు మూసి కొత్తది తెరుస్తాయి, మీ సెట్టింగులో అది సుమారు రెండు గంటలకి, 96 కిలోహెర్ట్జ్ పెడితే గంటకే. బలహీనమైన కార్డు తడబడేది అక్కడ కూడా. అందుకే సందు దొరికినప్పుడల్లా మనమే ఆపి మళ్లీ మొదలుపెట్టడం మంచిది. హరికథలో జనం చేత గోవింద కొట్టించి భాగవతార్ మంచినీళ్లు తాగేటప్పుడు నొక్కితే ఒక్క మాట పోదు, అప్పటిదాకా అయింది భద్రం. మైకు సెట్టు వాళ్లని అడిగి మిక్సర్ నుంచి ఇంకో రికార్డర్‌కి లైను తీసుకుంటే ఇంకా నయం.

చిడతల_సవ్వడి:
అందరికీ ధన్యవాదాలు! ఫోటోరెక్‌కి చిక్కలేదు కానీ ఇమేజ్‌ని రా డేటాగా తెరిచి ఆఫ్‌సెట్ 1 పెట్టగానే ఆయన గొంతు, గజ్జెలు, మృదంగం స్పష్టంగా వచ్చాయి. అయితే ధనుర్భంగం దగ్గర పద్యం మధ్యలో హఠాత్తుగా వేరే భజన వినిపించి, కాసేపటికి మళ్లీ కథలోకి వస్తోంది. ఇదేమిటి?

కచేరీ_మైకు:
భలే, అసలు పని అయిపోయినట్టే! ఆ భజన కార్డులో ముందున్న ఫైలు. పాతవి కొన్ని చెరిపి కొన్ని ఉంచిన కార్డులో కొత్త ఫైలు ఖాళీ దొరికిన చోటల్లా ముక్కలుగా సర్దుకుంటుంది. భజన మొదలైన చోట, ముగిసిన చోట కత్తిరించి కథ ముక్కల్ని కలపండి, పద్యం మీకు తెలుసు కాబట్టి అతుకు కుదిరిందో లేదో చెవికే తెలుస్తుంది. ముక్క మారాక హోరు వస్తే అక్కడి నుంచి ఆఫ్‌సెట్ మార్చి విడిగా దిగుమతి చేసుకోండి.